హవాయి ఏ ఖండంలో ఉంది?

మ్యాప్‌ తెరిచి చూడండి. హవాయి దీవులు పసిఫిక్‌ మహాసముద్రం నడిమధ్యన కనిపిస్తాయి. సైన్స్‌ ఫిక్షన్‌ అభిమానుల లెక్కలో మాత్రం అవి ఉత్తర అమెరికాలోనివే! ఇదేం భూగోళం అంటారా? తెలిసే రాసుకున్న నిర్వచనం ఇది. జాబ్‌ వేటలో ఉన్న మీకు పనికొచ్చే పాఠం కూడా.

ఊరు ఎలా ఎంచుతారు?

ప్రపంచ సైన్స్‌ ఫిక్షన్‌ అభిమానుల సదస్సు వరల్డ్‌కాన్‌ 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. తర్వాతి వేదికను సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు. దగ్గర్లోని వాళ్లంతా కలిసి సదస్సును మళ్లీ తమ ఊరికే లాక్కుంటే? అందుకే ఒకప్పుడు ఉత్తర అమెరికాను పశ్చిమ, మధ్య, తూర్పు మండలాలుగా విడదీసి వంతులు వేసుకున్నారు. తర్వాత వంతులు పోయి దూరం లెక్క వచ్చింది. ఓటింగ్‌ జరిగే చోటికి కనీసం 500 మైళ్లు, అంటే దాదాపు 800 కిలోమీటర్ల అవతలి ఊరికే పోటీపడే అర్హత.

హద్దు ఎక్కడ?

వరల్డ్‌కాన్‌ వేరే ఖండానికి వెళ్లిన ఏడాది ఉత్తర అమెరికా అభిమానులకు నాస్ఫిక్‌ అనే సదస్సు ఉంటుంది. 1975లో వరల్డ్‌కాన్‌ మెల్‌బోర్న్‌కు వెళ్లినప్పుడు తొలి నాస్ఫిక్‌ లాస్‌ ఏంజెలెస్‌లో జరిగింది. మరి ఉత్తర అమెరికా అంటే ఎంతవరకు? వాదనలకు తావు లేకుండా నిబంధనావళిలోనే పేర్లు రాసేశారు. హవాయి, అలాస్కా, మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్‌ దీవులు అందులో ఉన్నాయి. అందుకే 2017లో వరల్డ్‌కాన్‌ హెల్సింకీలో జరిగితే, నాస్ఫిక్‌ ప్యూర్టోరికోలోని శాన్‌ హువాన్‌లో జరిగింది.

వెస్టర్‌కాన్‌ అనే సదస్సుదైతే మరో పద్ధతిగా ఉండేది. దాని నియమాల్లో 104 డిగ్రీల పశ్చిమ రేఖాంశమే గీతగా ఉండేది. దానికి పడమర ఉంటేనే ‘వెస్ట్‌’. దాదాపు 105 డిగ్రీల దగ్గరున్న డెన్వర్‌ ఒక్క డిగ్రీ తేడాతో లోపలికి వచ్చేసింది!

మీకేంటి సంబంధం?

ప్రాంతం పేరు ఒకటే అయినా, ఏ పని కోసం గీశారన్నదాన్ని బట్టి గీత మారుతుంది. కంపెనీ ప్రకటనలోని ‘సౌత్‌ రీజియన్‌’లో ఏ రాష్ట్రాలున్నాయో ఆ కంపెనీయే చెప్పాలి. తెలంగాణ 33 జిల్లాలు నియామకాల కోసం ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు అయ్యాయి. అక్కడ ‘లోకల్‌’ అంటే ప్రస్తుతం మీ ఇల్లున్న చోటు కాదు. ప్రధానంగా చూసేది మీరు ఏ తరగతులు ఎక్కడ చదివారన్నదే.

కాబట్టి నోటిఫికేషన్‌ రాగానే ఖాళీల సంఖ్య దగ్గరే ఆగిపోకండి. నిర్వచనాలు, జోన్ల పట్టిక చదివి, స్టడీ సర్టిఫికెట్లు పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే అప్లై బటన్‌ నొక్కండి.