పట్టీ ఊడితే పింఛను పోతుందా?

తాడేపల్లిగూడెం: మిలటరీలో ఉన్న కుర్రాడి భుజం మీద పట్టీలు తీసేశారని కబురొస్తే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. నలుగురిలో పరువు పోయిందన్న బాధ ఒకటి. పింఛను కూడా పోయిందేమోనన్న దిగులు ఇంకొకటి. మొదటిది ఎవరూ తీర్చలేరు. రెండోదాని గురించి మాత్రం ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసింది చాలా ఉంది. తెలియక కంగారు పడితే మిగిలింది కూడా చేజారిపోతుంది.

తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరమనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి జవాన్లు వెళ్లారు. తాత, తండ్రి, కొడుకు మూడు తరాలూ యూనిఫాం వేసిన ఇళ్లు అక్కడ ఉన్నాయి. జిల్లాలో మిగతా ఊళ్లలోనూ సైన్యంలో ఉన్నవారు తక్కువేమీ కాదు. అయినా ర్యాంకు తీసేశారంటే ఇక ఉత్త చేతులతో ఇంటికి రావడమేనని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నిజం కాదు. ర్యాంకు తగ్గితే పింఛను తగ్గుతుంది. పోదు. పోయే దారులు వేరే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

ఎవరిని దించవచ్చు?

పట్టీ లేనివాడు సిపాయి. ఒక పట్టీ లాన్స్ నాయక్‌కు, రెండు నాయక్‌కు, మూడు హవల్దారుకు. ఆ పైన నాయబ్ సుబేదారు, సుబేదారు, సుబేదారు మేజరు. వీరిని జేసీవోలంటారు.

1950 నాటి సైనిక చట్టం ప్రకారం కోర్టు మార్షల్ వేయగల శిక్షల్లో ర్యాంకు తగ్గింపు ఒకటి. అయితే అది నాయక్, హవల్దారు వంటి వారికే. సుబేదారును హవల్దారుగా దించే శిక్ష ఆ జాబితాలో లేదు. ఆయన సీనియారిటీని కోయవచ్చు, డిస్మిస్ కూడా చేయవచ్చు, ర్యాంకు మాత్రం దించరు. అంటే ఈ ముప్పు ఎక్కువగా మన ఊళ్ల నుంచి సిపాయిగా చేరి, పదిహేను ఇరవై ఏళ్లు కష్టపడి రెండు మూడు పట్టీలు తెచ్చుకున్నవాడికే అన్నమాట.

కోర్టు మార్షల్ లేకుండా కూడా దించవచ్చు. బ్రిగేడ్ కమాండర్ స్థాయి అధికారికి ఆ అధికారాన్ని చట్టంలోని 20వ సెక్షన్ ఇచ్చింది. తాత్కాలిక ర్యాంకులో ఉన్నవాడినైతే కమాండింగ్ ఆఫీసరే పాత ర్యాంకుకు పంపవచ్చు.

చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. హవల్దారుకు కోర్టు మార్షల్ జైలు శిక్ష వేస్తే, ర్యాంకు తగ్గిస్తున్నామని తీర్పులో విడిగా రాయక్కరలేదు. చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం అతడు సిపాయి అయిపోయినట్టే. శిక్ష కొద్ది రోజులదే కావచ్చు, మూడు పట్టీలూ దానితోనే పోతాయి.

లెక్క ఇలా ఉంటుంది

పింఛనుకు ప్రాతిపదిక చివర తీసుకున్న జీతం. అసలు జీతం, మిలటరీ సర్వీస్ పే వంటివి కలిపి అందులో సగం పింఛనుగా ఇస్తారు. కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఆఫీసరు కానివారికి మిలటరీ సర్వీస్ పే 2016 నుంచి నెలకు రూ. 5,200గా ఉంది. ఏడో వేతన సంఘం ప్రకారం సిపాయి అసలు జీతం రూ. 21,700తోనూ, నాయక్‌ది రూ. 25,500తోనూ, హవల్దారుది రూ. 29,200తోనూ మొదలవుతుంది.

లెక్క కోసం ఒక హవల్దారును అనుకుందాం. సర్వీసు 22 ఏళ్లు. అసలు జీతం రూ. 40,400. దానికి 5,200 కలిపితే రూ. 45,600. అందులో సగం రూ. 22,800. మచ్చ లేకుండా ఇంటికి వస్తే నెలనెలా అందే పింఛను ఇదీ, పైన కరువు భత్యం.

ఇదే మనిషిని సిపాయిగా దించి, సిపాయి స్కేలులో రూ. 32,000 దగ్గర జీతం నిలిపారనుకుందాం. 5,200 కలిపితే రూ. 37,200. సగం రూ. 18,600. నెలకు రూ. 4,200 తేడా. ఏడాదికి రూ. 50,400. జవాను నలభై రెండు, నలభై మూడేళ్లకే ఇంటికి వస్తాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికితే పోయిన మొత్తం పదిహేను లక్షల పైమాటే. కరువు భత్యం ఇందులో కలపలేదు. ఒక రాత్రి మందు తాగి డ్యూటీలో గొడవ పడినందుకు కట్టే జరిమానా ఇంత ఉంటుందని ఆ రాత్రి ఎవరికి తోస్తుంది?

గ్రాట్యుటీ కూడా చివరి జీతం మీదే. ప్రతి ఆరు నెలల సర్వీసుకూ నెల జీతంలో నాలుగో వంతు చొప్పున కడతారు. 22 ఏళ్లకు పదకొండు నెలల జీతం వస్తుంది. మన లెక్కలోని మనిషికి కరువు భత్యం వదిలేసినా రూ. 92,400 తగ్గుతుంది. పింఛనులో సగం వరకు ముందుగా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు కదా, ఆ మొత్తమూ అదే వరసలో తగ్గుతుంది. ఆడపిల్ల పెళ్లికో ఇంటి శ్లాబుకో జవాన్లు ఆశ పెట్టుకునేది ఈ డబ్బు మీదే.

ఆయన తర్వాత ఇల్లాలికి వచ్చే కుటుంబ పింఛను చివరి జీతంలో నూటికి 30 వంతులు. రూ. 45,600 మీద అది రూ. 13,680. రూ. 37,200 మీద రూ. 11,160. తప్పు ఆయనది, కోత ఆమె బతికినంత కాలం.

చివరి పది నెలలు

ఇందులో చిన్న వెసులుబాటు ఒకటి ఉంది. 2006 తర్వాత పదవీ విరమణ చేసేవారికి చివరి నెల జీతం, చివరి పది నెలల సగటు, ఈ రెండింటిలో ఏది లాభమైతే అది లెక్కలోకి తీసుకోవాలి. మన హవల్దారును ఇంటికి రావడానికి నాలుగు నెలల ముందు దించారనుకుందాం. అప్పుడు పది నెలల్లో ఆరు నెలలు పాత జీతం, నాలుగు నెలలు కొత్త జీతం. సగటు రూ. 42,240. పింఛను రూ. 21,120. ఏడాది ముందే దించి ఉంటే రూ. 18,600 మాత్రమే. కాబట్టి ఎప్పుడు దించారన్న తేదీ చూసుకోవాలి. పింఛను కాగితాలు వచ్చినప్పుడు ఏ లెక్క వేశారో అడగాలి. అడగనివాడికి ఎవరూ పిలిచి చెప్పరు.

ర్యాంకు తగ్గితే సర్వీసు కాలం మీద కూడా దెబ్బ పడుతుంది. సైన్యంలో ర్యాంకును బట్టి ఎన్నేళ్లు ఉండవచ్చో నిర్ణయిస్తారు. సిపాయి కంటె నాయక్, నాయక్ కంటె హవల్దారు ఎక్కువ ఏళ్లు ఉండగలరు. ఇరవై రెండేళ్ల సర్వీసున్న హవల్దారు సిపాయి అయితే సిపాయికి ఉన్న గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇక ఇంటికి పంపవచ్చు. ఇంకో రెండు మూడేళ్లు జీతం వస్తుందని, ఈలోగా పిల్లవాడి చదువు పూర్తవుతుందని పెట్టుకున్న లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఒకే ర్యాంకు ఒకే పింఛను విధానం కూడా ర్యాంకు చుట్టూ తిరిగేదే. 2014 జూలై 1 నుంచి వర్తింపజేసిన ఈ విధానంలో ఒకే ర్యాంకులో, ఒకే సర్వీసుతో వచ్చినవారికి ఒకే పింఛను. 2019లోనూ 2024లోనూ సవరించారు. సిపాయిగా ఇంటికి వచ్చినవాడికి ఎన్నిసార్లు సవరించినా సిపాయి పట్టికే. ఒకప్పుడు హవల్దారునని చెప్పుకుంటే కుదరదు.

రెండు మాటలు, నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా

డిశ్చార్జి, డిస్మిస్. రెండూ ఒకే అక్షరంతో మొదలవటం వల్లనో ఏమో మన ఊళ్లలో రెండింటినీ ఒకటే అనుకుంటారు. డిశ్చార్జి అంటే సర్వీసు నుంచి విడుదల చేయడం. 15 ఏళ్లు నిండి ఉంటే పింఛనుకు అర్హత ఉంటుంది. క్రమశిక్షణ బాగాలేదని డిశ్చార్జి చేసినా అంతే. డిస్మిస్ అయితే అంతకుముందు చేసిన సర్వీసంతటికీ పింఛను, గ్రాట్యుటీ రావు. ప్రత్యేక పరిస్థితుల్లో రాష్ట్రపతి విచక్షణతో ఇస్తే ఇవ్వవచ్చు, అంతేగాని హక్కుగా అడిగేది కాదు. ఇంటికి వచ్చిన కాగితంలో ఏ మాట ఉందో చదువుకున్నవాళ్ల చేత చదివించుకోవడం మొదట చేయవలసిన పని.

ర్యాంకు తగ్గింపు ఈ రెండూ కాదు. మనిషి ఇంకా సైన్యంలోనే ఉంటాడు. సర్వీసు నడుస్తూనే ఉంటుంది. జైలులో లేదా డిటెన్షన్‌లో గడిపిన రోజులు మాత్రం పింఛను సర్వీసులోకి రావు. పదిహేనేళ్లకు దగ్గరలో ఉన్నవారు ఆ రోజులు తీసేసి లెక్క వేసుకోవాలి. పింఛనుతో పదవీ విరమణ చేస్తే మాజీ సైనికుడన్న గుర్తింపు ఉంటుంది.

అసలు ప్రమాదం ఎక్కడ వస్తుందంటే, పట్టీ పోయిందన్న అవమానంతో జవాను చేసే తర్వాతి పనిలో. కింద పనిచేసినవాళ్ల పక్కన నిలబడి డ్యూటీ చేయడం ఎవరికైనా కష్టమే. కొందరు పన్నెండు, పదమూడేళ్ల సర్వీసుకే పేరు కొట్టించుకుని వచ్చేస్తామంటారు. అలా వస్తే పింఛను ఉండదు. తక్కువ పడిన సర్వీసును ఏడాది వరకు మాఫీ చేసే వీలు నిబంధనల్లో ఉంది గాని, దాన్ని నమ్ముకుని రెండు మూడేళ్ల ముందే పెట్టె సర్దుకోకూడదు.

ఇంకొందరు సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లరు. వరి కోతలున్నాయని, చెల్లెలి పెళ్లి ఉందని వారం, పది రోజులు ఆగుతారు. ఆ తర్వాత వెళ్లడానికి భయం. 30 రోజులు దాటితే యూనిట్‌లో విచారణ కోర్టు వేసి గైర్హాజరును రికార్డు చేస్తారు. మనిషి లొంగిపోకపోయినా, పట్టుబడకపోయినా పారిపోయినవాడి కిందే లెక్క. పోలీసులకు కాగితం వస్తుంది. పారిపోయిన నేరం కోర్టు మార్షల్‌లో రుజువైతే అంతకుముందు చేసిన సర్వీసు పింఛను లెక్కలోంచి పోతుంది. రెండు పట్టీల కోసం బాధపడి పదిహేనేళ్లు పోగొట్టుకోవడం ఇలాగే. సెలవు చాలకపోతే గడువు లోపలే యూనిట్‌కు తెలియజేసి పొడిగింపు అడగాలి. పూర్వం తంతి ఇచ్చేవారు. తంతి 2013లోనే ఆగిపోయింది, ఇప్పుడు చేతిలో ఫోనుంది. తెలియజేయలేకపోయామంటే నమ్మేవారెవరు?

సుప్రీంకోర్టు చెప్పిన మాట

సర్వీసు రికార్డులో నాలుగు ఎర్ర సిరా శిక్షలు పడితే ఇంటికి పంపేస్తారన్న మాట బ్యారక్‌లలో ప్రచారంలో ఉంది. వీరేంద్ర కుమార్ దూబే అనే జవాను కేసులో 2015లో సుప్రీంకోర్టు దీన్ని విచారించింది. నాలుగు శిక్షలు పడ్డాయన్న ఒక్క కారణంతో డిశ్చార్జి చేయడం చెల్లదంది. ముందు విచారణ జరపాలని, అతడు ఎంతకాలం ఎలాంటి ప్రాంతాల్లో పనిచేశాడు, పింఛనుకు ఎంత దగ్గరలో ఉన్నాడు వంటివి చూడాలని చెప్పింది. పింఛనుకు కావలసిన సర్వీసు నిండేదాకా అతడు కొలువులో ఉన్నట్టే భావించాలని తీర్పిచ్చింది. పాత జీతం బకాయిలు ఇవ్వలేదు గాని పింఛను దక్కింది.

ర్యాంకు తగ్గించినవారికీ దారులు ఉన్నాయి. కోర్టు మార్షల్ తీర్పు మీద సైనిక ప్రధానాధికారికి గాని, కేంద్ర ప్రభుత్వానికి గాని అర్జీ పెట్టుకోవచ్చు. విచారణ కాగితాల నకలు అడిగి తీసుకునే హక్కు ఉంది. ఆ నకలు లేకుండా ఏ వకీలూ ఏమీ చేయలేడు. 2007 చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తున్న సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు శిక్ష ఎక్కువైందనిపిస్తే తగ్గించే అధికారం ఉంది. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందకు వస్తుంది. అన్నింటికీ గడువులు ఉంటాయి. పండగ వెళ్లాక చూద్దామంటే గడువు ఆగదు.

2022 నుంచి చేరుతున్న అగ్నివీరులకు ఈ లెక్కలు వర్తించవు. వారి నాలుగేళ్ల సర్వీసుకు పింఛను గాని, గ్రాట్యుటీ గాని లేదు. నూటికి 25 మంది వరకు రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. అలా తీసుకున్నవారికే పింఛను ప్రసక్తి.

ఇక ఇప్పటికే ఇంటికి వచ్చినవారు పెట్టెలో ఉన్న పీపీవో కాగితం తీసి చూసుకోవాలి. అందులో ర్యాంకు, మొత్తం సర్వీసు, జైలు లేదా గైర్హాజరు కింద తీసేసిన రోజులు, చివరి జీతం ఉంటాయి. డిశ్చార్జి పుస్తకంలో ఉన్నవాటితో ఇవి సరిపోవాలి. శిక్ష తర్వాత అర్జీ మీద గాని, ట్రిబ్యునల్‌లో గాని ర్యాంకు తిరిగి వచ్చి ఉంటే పీపీవోలో అది మారిందో లేదో ముఖ్యంగా చూడాలి. మారకపోతే తమ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయాలి. రాసేటప్పుడు ఆర్మీ నంబరు, పీపీవో నంబరు వేసి, ఉత్తర్వు నకలు జతచేసి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. రాయడం రానివారికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు.