తాళం గట్టిదే, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

తార్నాక మెట్రో దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్తే ఇంజనీరింగ్ కాలేజీ వస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో స్థాపించిన విశ్వవిద్యాలయంలో 1929లో మొదలైన కాలేజీ అది. అక్కడ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు సమాచార భద్రత ఒక సబ్జెక్టు. నేనూ చదువుకున్నాను. "అందులో ఏం నేర్పిస్తారు బేటా, హ్యాకింగా?" అని మన సొసైటీ పెద్దలొకరు అడిగారు. ఆయనకు నిలబడి చెప్పిన జవాబు సరిపోలేదు, అందుకే ఈ వ్యాసం.

ఆ సబ్జెక్టంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. చూడకూడనివారు చూడకుండా ఎలా? దారిలో ఎవరూ మార్చకుండా ఎలా? కావలసిన వేళకు అందకుండా పోకుండా ఎలా?

మొదటి పాఠం రహస్య లిపి. ఒక అక్షరానికి బదులు మరో అక్షరం రాస్తే ఎవరికీ అర్థం కాదని చాలాకాలం నమ్మారు. 9వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి. రహస్య లేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే, అసలు అక్షరం ఏదో బయటపడుతుందని ఆయన రాశాడు. ఈ విషయంపై మనకు దొరికిన తొలి రచన అదే. రహస్య లిపిని ఇంగ్లీషులో సైఫర్ అంటారు. ఆ మాట కూడా అరబీ 'సిఫ్ర్' నుంచే వచ్చింది. సిఫ్ర్ అంటే సున్నా.

తర్వాత 1883లో కెర్కాఫ్స్ అనే భాషా పండితుడు చెప్పిన సూత్రం వస్తుంది. తాళం ఎలా పనిచేస్తుందో శత్రువుకు పూర్తిగా తెలిసినా పరవాలేదు, తాళంచెవి ఒక్కటి మన దగ్గర భద్రంగా ఉంటే చాలు. నేడు విరివిగా వాడే పద్ధతులు ఇలాగే బహిరంగంగా ఉంటాయి.

అయితే, ముందెన్నడూ కలవని ఇద్దరు తాళంచెవిని ఎలా పంచుకోవాలి? దీనికి 1976లో డిఫీ, హెల్‌మన్‌లు దారి చూపారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్‌లు ఆర్‌ఎస్‌ఏ పద్ధతి కనిపెట్టారు. నేను తెరిచి ఉన్న తాళాలు ఊరందరికీ పంచుతాను. ఎవరైనా తమ పెట్టెకు వేసి నొక్కి పంపవచ్చు, తెరిచే చెవి మాత్రం నా జేబులోనే ఉంటుంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు. లబ్ధాన్ని మాత్రమే ఇచ్చి, ఆ రెండింటినీ కనుక్కోమంటే, అది 600 పైచిలుకు అంకెల సంఖ్య అయితే, నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు.

ఇంత గట్టి తాళాలు ఉండగా డబ్బు ఎలా పోతోంది? నిరుడు మన దరఖాస్తుదారుల్లో ఒక వితంతువుకు ఫోను వచ్చింది. "మీ అమ్మాయి స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి." అమ్మాయి పేరు, కాలేజీ, బ్యాంకు శాఖ అన్నీ వాడు సరిగ్గా చెప్పాడు. ఆమె నమ్మింది. వాడు ఏ లెక్కనూ ఛేదించలేదు, తాళంచెవి అడిగి తీసుకున్నాడు.

ఆ వివరాలు వాడికి ఎక్కడివి? రుజువు లేదు గాని, నా అనుమానం మన మీదే. దరఖాస్తు ఫారాలను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. నలభైమందికి పైగా ఫోన్లలో ఆ కాగితాలు ఉన్నాయి. జకాత్ సొమ్మును అమానత్‌గా లెక్క చూసుకునే మనం, ఆ కాగితాలను అలా చూడలేదు.

ఇలాంటిది జరిగితే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కు ఫోను చేయాలి. డబ్బు ఖాతాలు మారకముందే బ్యాంకులు ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. యూపీఐ పిన్ డబ్బు తీసుకోవడానికి ఎన్నడూ అక్కర్లేదు. ఇది ఇంట్లో అమ్మలకు, నానమ్మలకు చెప్పండి.

గ్రూపులో ఫొటోలు తీసేయించాం. ఫారాలు ఇప్పుడు బీరువాలో ఉన్నాయి, చెవి ఇద్దరి దగ్గరే ఉంది. ఫారంలో ఆధార్ నంబరు గడి ఎందుకు పెట్టామని కమిటీలో అడిగితే ఎవరికీ గుర్తు లేదు. ఈ ఏటి ఫారంలో ఆ గడి లేదు.