నర్సమ్మకు అండగా ఉందాం

తొర్రూరు మనందరికీ తెలుసు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే తోవలో ఉంది. 2016 నుంచి అది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆ చుట్టుపక్కల పల్లెలకు, తండాలకు నర్సమ్మ వస్తుంది. ఆమెనే ఏఎన్‌ఎం అంటారు. ఆమె పనిచేసే చోటు సబ్ సెంటరు.

మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్ సెంటరు ఉండాలి. గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒకటి ఉండాలి. గర్భిణులను చూడాలి. పిల్లలకు టీకాలు వేయాలి. బి.పి., షుగరు చూడాలి. రిజిస్టర్లు రాయాలి. ఇదంతా నర్సమ్మ పనే. 2023 ఆగస్టులో మన రాష్ట్రంలో రెండో ఏఎన్‌ఎంలు సమ్మె చేశారు. తమ ఉద్యోగాలు పర్మినెంట్ చేయాలని అడిగారు.

ఆమె పని బాగుంటేనే మన పిల్లలు బాగుంటారు. మరి మనం ఏం చేయాలి?

టీకాల రోజు వేళకు పోవాలి. తట్టు టీకా మందు కలిపాక 4 గంటల్లో వాడాలి. మిగిలితే పారేయాల్సిందే. సూది వేశాక కొందరు పిల్లలకు జ్వరం వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అది నర్సమ్మ తప్పు కాదు. ఆమెను తిట్టవద్దు. జ్వరం తగ్గకపోతే బిడ్డను దవాఖానకు తీసుకుపోవాలి.

సబ్ సెంటరులో నీళ్లున్నాయా? మరుగుదొడ్డి ఉందా? లైటు వెలుగుతుందా? తలుపుకు గడియ ఉందా? లేకపోతే గ్రామసభలో అడగాలి. రాత్రి కాన్పు కోసం పిలిస్తే ఆమెను ఒంటరిగా పంపవద్దు. ఇంటిదాకా తోడు పోవాలి.

ఎవరైనా ఆమెతో చెడుగా మాట్లాడితే? చెయ్యి వేస్తే? దానికి చట్టం ఉంది. అది ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే ఊరి కార్యకర్త బాల్యవివాహాన్ని ఆపాలని చూసింది. 1992లో ఆమెపై అత్యాచారం జరిగింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు పోయాయి. 1997లో కోర్టు నియమాలు చెప్పింది. 2013లో చట్టం వచ్చింది.

10 మందికి తక్కువ పనిచేసే చోటైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. 3 నెలల్లోగా రాసి ఇవ్వాలి. రాయలేని వారికి కమిటీయే రాయడంలో సాయం చేయాలి. ఈ చట్టం నర్సమ్మకే కాదు. కూలికి పోయే మనకూ వర్తిస్తుంది. 181కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది.

నర్సమ్మ మన ఆరోగ్యం చూస్తుంది. ఆమె బాగోగులు మనం చూద్దాం.

ఆలోచించండి:
మీ సబ్ సెంటరులో ఏ వసతులు లేవు? సంఘంలో మాట్లాడుకోండి. ఒక అర్జీ మీ చేతితోనే రాయండి. అందరూ సంతకాలు చేయండి.