ఎడారిలో చలివేంద్రం

"రోజుకెంత ఇస్తారు?" ఫోన్‌లో అమ్మ అడిగిన మొదటి ప్రశ్న.

"ఏమీ ఇవ్వరమ్మా. బండి అద్దె కూడా మనదే!"

అవతల కాసేపు మాటల్లేవు. "పరిగెత్తేవాళ్లకి నీళ్లివ్వడం... మన ఊరి చలివేంద్రం లాంటిదనుకో" అన్నాక, "అయితే వెళ్లండి, పుణ్యం" అంది.

అరిజోనాలో ఫీనిక్స్ దగ్గర మెక్‌డోవెల్ మౌంటెన్ రీజినల్ పార్కులో ఏటా అక్టోబరు చివర జరిగే పరుగు జావెలినా జండ్రెడ్. 2003లో మొదలైంది. సుమారు 20 మైళ్ల చుట్టు ఐదుసార్లు తిరగాలి. మొత్తం 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. గడువు 30 గంటలు. దారి పొడవునా నీళ్లు, తిండి అందించేది వాలంటీర్లే.

లాస్ ఏంజెలిస్ నుంచి రెండు కుటుంబాలం ఆర్వీ అద్దెకు తీసుకుని బయల్దేరాం. మంచాలు, పొయ్యి, బాత్‌రూమ్... ఇల్లే చక్రాలెక్కినట్టు! పులిహోర, ఆవకాయ సర్దుకున్నాం. ఇండియో దాటాక ఇక ఎడారే. ఎత్తయిన బండి కదా, గాలి కొట్టినప్పుడల్లా పక్కకు లాగుతుంది. స్టీరింగ్ పట్టుకున్న అన్నయ్య నోరు మెదపలేదు. బ్లైత్ దగ్గర కొలరాడో నది దాటితే అరిజోనా. ఆపైన చేతులెత్తి నిలబడ్డట్టుండే సగువారో జెముళ్లు పలకరించాయి.

ఆర్వీలో మొదట నేర్చుకునేది నీళ్ల లెక్క. టాంకులో ఉన్నంతే వాడాలి. వాడిన నీళ్లు చేరే టాంకు నిండినా తిప్పలే. "కంచాలు కడిగేది లేదు, పేపరు ప్లేట్లే" అని వదిన ముందే ఆర్డరేసింది.

శనివారం సాయంత్రం డ్యూటీకెక్కాం. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. మెడకు కట్టుకున్న గుడ్డల్లో ఐసు నింపాం. చీకటి పడ్డాక చలి మొదలైంది. వేడి సూప్, ఉప్పులో అద్దిన బంగాళాదుంప ముక్కలు అందించాం. ఉప్పెందుకంటే, చెమట ధారగా కారేటప్పుడు మంచినీళ్లే అదే పనిగా తాగినా ముప్పే. రక్తంలో సోడియం పడిపోతుంది.

అర్ధరాత్రి ఓ కుర్రాడు తూలుతూ వచ్చాడు. ఎన్నో చుట్టులో ఉన్నాడో చెప్పలేకపోయాడు. బతిమాలాడు, ఏడ్చాడు. అయినా పంపలేదు. వైద్య సిబ్బందికి అప్పగించాం.

తర్వాత గంటకు అదే కుర్చీలో అరవై దాటిన ఓ పెద్దావిడ కూలబడింది. వణుకుతోంది. మా అమ్మ వయసే! 'ఇక చాలు, ఆపేయండి' అనబోయాను. పక్కనున్న సీనియర్ వాలంటీర్ ఆపి, తనే మూడు ప్రశ్నలడిగాడు. ఇది ఎన్నో చుట్టు? తాగింది కడుపులో నిలుస్తోందా? మూత్రం వస్తోందా? మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చింది. దుప్పటి కప్పి, సూప్ ఇచ్చాం. పది నిమిషాలకు లేచి, తలదీపం వెలిగించుకుని చీకట్లోకి వెళ్లిపోయింది.

నీళ్లివ్వడం తేలికే. ఎవర్ని ఆపాలో, ఎవర్ని పోనివ్వాలో తెలియడమే కష్టం. గల్ఫ్ ఎండల్లో పనిచేసే మనవాళ్లకూ ఇది పనికొచ్చే మాటే. పక్కనున్నవాడు తికమకగా మాట్లాడితే, వాడు ఎంత పంతం పట్టినా సరే పని ఆపించండి. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే వైద్యసాయం పిలవండి.

ఆదివారం తిరుగు దారిలో అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి డబ్బు సంగతి ఎత్తలేదు.

"ఆ పెద్దావిడ చివరిదాకా వెళ్లిందా?"

వెళ్లిందమ్మా. గడువుకి ఇంకా అరగంట ఉండగానే!