కాంటెస్సా: క్యామ్ షాఫ్ట్ పైకెక్కిన కథ

హిందూస్థాన్ మోటార్స్ సంస్థ 1984లో విడుదల చేసిన కాంటెస్సా కారును ఎరిగినవారికి తరచుగా కలిగే సందేహం ఒకటే: చూపులకు ఒకేలా ఉండే రెండు కాంటెస్సాలలో మొదటిది అంత మందకొడిగా, తరువాతిది అంత చురుకుగా ఎందుకు నడిచేవి? ఇంజను పెద్దదైందన్న జవాబులో నిజం కొంతే ఉంది. మొదటిదానిలో అంబాసిడర్‌కు వాడిన 1489 సీసీ ఇంజనే ఉండగా, తరువాతిదానికి జపాను సంస్థ ఇసుజు రూపొందించిన 1817 సీసీ ఇంజను అమరింది. పరిమాణం నూటికి 22 వంతులే పెరిగినా, శక్తి మాత్రం సుమారు 50 హార్స్ పవర్ నుంచి 88కి ఎగబాకింది. దీనికి కారణాలు పలు ఉన్నా, వాటిలో అందమైనది క్యామ్ షాఫ్ట్ స్థానం మారడం.

క్యామ్ షాఫ్ట్ అంటే కోడిగుడ్డు ఆకారపు ఉబ్బులు వరుసగా ఉన్న ఇరుసు. ఉబ్బు ఒత్తినప్పుడల్లా వాల్వ్, అంటే సిలిండరులోకి పెట్రోలు కలిసిన గాలిని రానిచ్చే లేదా కాలిన పొగను వెళ్లనిచ్చే కవాటం, తెరుచుకుంటుంది, స్ప్రింగు దానిని తిరిగి మూస్తుంది. పాత ఇంజనులో ఈ ఇరుసు కింద, సిలిండర్ల పక్కన ఉండగా కవాటాలు పైన, సిలిండర్లకు మూతలా ఉండే హెడ్డులో ఉండేవి. అందుచేత కదలిక ఉబ్బుకు ఆని ఉండే ట్యాపెట్‌ను దాటి, పొడవైన పుష్ రాడ్ వెంట పైకెక్కి, ఏతంలా ఊగే రాకర్ ఆర్మ్‌ను తాకి, అప్పుడు గాని కవాటాన్ని నొక్కేది కాదు. రాకరుకూ కవాటపు కాడకూ నడుమ అర మిల్లీమీటరుకు లోపు సందు ఉంచి, ఫీలర్ గేజ్ అనే పలుచని ఉక్కు రేకు అందులో కాస్త పట్టుతో జారేదాకా స్క్రూను సరిచేయడాన్నే మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగ్ అంటారు. ఆ సందు పెరిగితే ఇంజను టకటకమంటుంది.

ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో కవాటం సెకనుకు 33 సార్లకు పైగా తెరుచుకుని మూసుకోవాలి. వేగం 5,000 చుట్లకు పెరిగితే ఈ లెక్క 42కు చేరువవుతుంది గాని, కదిలే భాగాలను ముందుకు తోసి, ఆపి, వెనక్కి మళ్లించడానికి కావలసిన బలం వేగపు వర్గాన్ని అనుసరించి నూటికి 56 వంతులు పెరుగుతుంది. బరువైన పుష్ రాడ్ వరుసను అంత త్వరగా వెనక్కి నెట్టలేక స్ప్రింగు ఓడిపోతే కవాటం మూసుకోవలసిన వేళకు మూసుకోదు, సిలిండరులో ఒత్తిడి నిలవదు, ఇంజను నీరసిస్తుంది. స్ప్రింగును బిగువు చేస్తే క్యామ్ అరుగుతుంది. ఇసుజు ఇంజను ఈ చిక్కును మూలంలోనే తెంచింది: క్యామ్ షాఫ్ట్‌ను హెడ్డులోకి ఎక్కించి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ నుంచి చైనుతో తిప్పడంతో పుష్ రాడ్ అవసరమే లేకుండా పోయింది. పైగా పిస్టన్ ఒక్కో దఫా నడిచే దూరం 88.9 మిల్లీమీటర్ల నుంచి 82కు తగ్గడంతో, ఎక్కువ చుట్లు తిరిగినా దాని వేగం హద్దులో ఉండేది.

ఇంతమాత్రాన పాత ఇంజనును తీసిపారేయడం అన్యాయం. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరే దారిలో కాలువ వంతెనలు, కట్టలు తప్ప ఎత్తు అన్నది లేదు. అటువంటి డెల్టా నేలలో నిండా మనుషులతో, మూటలతో నెమ్మదిగా సాగే అంబాసిడర్‌కు తక్కువ చుట్లలోనే లాగే ఆ పొడవు స్ట్రోకు ఇంజను చక్కగా సరిపోయింది. అయితే వడ్ల బస్తాల ట్రాక్టరును ఇరుకు రోడ్డు మీద దాటవలసి వచ్చినప్పుడు ఎదురుగా బస్సు వచ్చేలోపు వేగం అందుకోవాలి. తేడా తెలిసేది అక్కడే. ఇసుజు ఇంజనున్న కాంటెస్సాకు అయిదో గేరు కూడా చేరడంతో, దాటిన తరువాత ఇంజను చుట్లు తగ్గించుకుని నింపాదిగా సాగే వీలు కలిగింది.

కారు బాడీ మాత్రం 1970ల నాటి బ్రిటిష్ వాక్స్‌హాల్ విక్టర్‌దే. ముందు ఇంజను, నడుమ పొడవైన ప్రొపెల్లర్ షాఫ్ట్, లాగేది వెనుక చక్రాలు. ఆ పిమ్మట డీజిల్ ఇంజనుతోనూ వచ్చి, తేలికైన కొత్త కార్ల పోటీకి నిలవలేక 2002లో కాంటెస్సా తయారీ ఆగిపోయింది. నేడు దానిని కొనదలచినవారు ఇంజను కన్నా ముందు రేకు చూడాలి. ముఖ్యంగా సూర్యలంక తీరానికి దగ్గరైన బాపట్లలో ఉప్పుగాలికి తేమ తోడై ఇనుము త్వరగా తుప్పుపడుతుంది కనుక, తలుపుల అడుగున నీరు కారిపోయే రంధ్రాలు మట్టితో పూడి ఉన్నాయేమో వేలితో తడిమి చూడటం మొదటి పని.