ఒకే దుకాణం కల్లు, వేర్వేరు దేహాలు

సిరికొండ నుంచి బోధన్ దాకా ఎన్నో ఇళ్లలో నలిగే ప్రశ్న ఇది: ‘ఇద్దరూ ఒక్క దుకాణంలనే తాగిండ్రు. ఒకడు మానేసిండు, ఇంకొకడు ఎందుకు మానలేకపోతుండు?’

జవాబులో కొంత జన్యువుల్లో ఉంది. ముందు నల్లమందు, హెరాయిన్ వంటి ఓపియాయిడ్ల సంగతి చూద్దాం. వాటికి బానిసయ్యే అవకాశంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం వంశపారంపర్యమేనని కవలల అధ్యయనాలు అంచనా కట్టాయి. ఆ మందులు మెదడులో అతుక్కునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఓపీఆర్ఎం1. అందులో ఒక్క అక్షరం మారితే గ్రాహకంలోని 40వ అమైనో ఆమ్లం మారిపోతుంది. అయినా ఆ ఒక్క మార్పును చూసి ఎవరు బానిసవుతారో చెప్పలేం. ఎన్నో జన్యువులు తలా కాస్త మొగ్గు చూపుతాయి, అంతే.

మన నిజామాబాద్ జిల్లాలో కల్తీ కల్లులో కలిపేది నల్లమందు కాదు. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. కానీ అల్ప్రాజోలం జాతి మందులు మెదడును పట్టే దారీ ఓపియాయిడ్ల దారే. హాయిని కలిగించే డోపమిన్ కణాలకు గాబా కణాలు కాపలా కాస్తుంటాయి. రెండు రకాల మందులూ ఆ కాపలాను జోకొడతాయి. 2010లో జెనీవాలో శాస్త్రవేత్త క్రిస్టియన్ లూషర్ బృందం దీన్ని ఎలుకల్లో చూపింది. గాబా గ్రాహకంలోని ఆల్ఫా1 భాగంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిన ఎలుకలు, అల్ప్రాజోలం జాతిదే అయిన మిడజోలాం కలిపిన తీపినీళ్ల మీద మోజు పడలేదు. మామూలు ఎలుకలు పడ్డాయి.

జన్యువు బలం అంతటిది. అలాగని తాగేవాణ్ణి చూపి ‘వాడి రక్తమే అంత’ అనడం అన్యాయం. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి మందు కలవని కల్లు వచ్చినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడితే మళ్లీ అదే జరిగింది. అన్ని కుటుంబాలకూ ఒకే జన్యు లోపం ఉండదు. రోజూ అల్ప్రాజోలం అందితే ఎవరి మెదడైనా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. హఠాత్తుగా ఆగితే అదుపు తప్పుతుంది. ఆ నేరం కల్లులో పొడి కలిపినవాడిది.

జన్యువుల తేడా చికిత్సలోనూ కనిపిస్తుంది. కల్తీ కల్లు మాన్పించేటప్పుడు వైద్యులు సాధారణంగా డైజిపాం ఇచ్చి, మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఆ మందును విరిచే కాలేయ ఎంజైముల్లో సీవైపీ2సీ19 ఒకటి. దక్షిణ భారతీయుల్లో సుమారు పదిమందిలో ఒకరికి అది పనిచేయదు. వాళ్ల ఒంట్లో డైజిపాం మిగతావాళ్లకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, మత్తు పేరుకుంటుంది. అందుకే పక్కింటాయన చీటీ చూసి అదే మోతాదు వేసుకోవద్దు. డాక్టరును అడగకుండా ఒక్కరోజులో కల్లు మానేయనూ వద్దు. ఫిట్స్ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.