మిన్స్ పైలోకి మళ్లీ మాంసం

చక్కెర మానేసినవాళ్ల కోసం బ్రిటన్ వారి క్రిస్మస్ పైని మార్చాలంటే కొత్త తీపి పొడుల వేట అక్కర్లేదు. నాలుగు వందల ఏళ్ల నాటి వంటపుస్తకం చాలు.

చలి మొదలైతే బ్రిటన్‌లో మిన్స్ పై లేని చోటు ఉండదు. సూపర్‌మార్కెట్‌లో తలుపు తీయగానే ఆరేసి చొప్పున పెట్టెలు. ఆఫీసులో టీ కెటిల్ పక్కన ఒక పళ్లెం. చర్చిలో క్రిస్మస్ పాటలు అయ్యాక చేతిలో ఒకటి. పండుగ ముందు రాత్రి పిల్లలు ఫాదర్ క్రిస్మస్ కోసం ఒక పై, ఆయన బండి లాగే దుప్పి కోసం ఒక క్యారెట్ పెట్టి పడుకుంటారు. ఆ పైని తెల్లవారేలోగా తినేది నాన్నే అనుకోండి.

చూడని వాళ్లకు చెప్పాలంటే, మన కజ్జికాయని గుండ్రంగా చేసి, నూనెలో వేయించకుండా ఒవెన్‌లో కాల్చి, కొబ్బరికి బదులు మసాలా పట్టిన ఎండుద్రాక్షను కూరినట్టు ఉంటుంది. లోపలి ముద్దను మిన్స్‌మీట్ అంటారు. అందులో కిస్‌మిస్, నల్ల ఎండుద్రాక్ష, చక్కెరలో ఊరిన నారింజ తొక్క, ఆపిల్, బ్రౌన్ షుగర్, దాల్చినచెక్క, జాజికాయ, బ్రాందీ, సూయెట్ అనే గట్టి కొవ్వు ఉంటాయి. మాంసం మాత్రం ఉండదు.

షుగరు ఉన్నవాళ్లకు చిక్కంతా ఆ ముద్దతోనే. దుకాణంలో కొన్న ఒక్క పైలో పిండిపదార్థాలు సాధారణంగా 30 గ్రాములు దాటుతాయి. టీ చెంచాకి 4 గ్రాముల చక్కెర లెక్కన అది ఏడు చెంచాలకు పైమాటే. మైదా పెంకును ఎలాగోలా మార్చుకోవచ్చు. కానీ ఎండుద్రాక్ష బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. దానికి తోడు విడిగా చక్కెర, చక్కెర పాకంలో ఊరిన తొక్కలు. ఇందులో దేన్ని తీసేయాలి?

ఇంటర్నెట్‌లో దొరికే లో-కార్బ్, అంటే పిండిపదార్థాలు తగ్గించిన వంటకాలు చాలావరకు ఒకే దారి పడతాయి. చక్కెర తీసి ఎరిథ్రిటాల్ అనే తీపి పొడి వేయడం, కిస్‌మిస్ తగ్గించి బెర్రీలు కలపడం, అదే రుచి వచ్చిందని చెప్పడం. ఆ రుచి రాదు. ఎరిథ్రిటాల్ చక్కెరలో డెబ్బై శాతం మేరకే తీపి. చల్లారితే మళ్లీ పలుకు కడుతుంది, నాలుక మీద పిప్పరమెంటు చల్లదనం వదులుతుంది. ఎక్కువైతే కడుపు ఊరుకోదు. రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు నేచర్ మెడిసిన్ పత్రికలో రాశారు. అదే కారణమని తేలలేదు. అయినా పండుగ వంటలో గుప్పెళ్లు పోసే సరుకైతే కాదు. ఇంకో మాట. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ అనే తీపి పొడి గడప తొక్కనివ్వకండి, కుక్కలకది విషం. ఆ మాటకొస్తే కిస్‌మిస్ కూడా విషమే.

అనుకరణ కంటే మంచి దారి ఒకటుంది. వెనక్కి నడవడం.

మటన్ తొడతో మొదలు

1615లో గెర్వేస్ మార్కమ్ ఇంగ్లండ్ గృహిణుల కోసం రాసిన పుస్తకంలో మిన్స్ పై ఉంది. అది మటన్ తొడతో మొదలవుతుంది. ఎముక మీది మంచి మాంసం కోసి, ఉడికించి, మటన్ కొవ్వుతో కలిపి సన్నగా తరగమంటాడు. ఆపైన మిరియాలు, ఉప్పు, లవంగాలు, జాపత్రి. ఎండుద్రాక్ష ధారాళంగానే వేస్తాడు, ఖర్జూరాలు కాసిని, నారింజ తొక్క కొంచెం. పై లోపల పెత్తనం మాత్రం మాంసానిదే. లవంగం, జాపత్రి వేసిన మటన్ కైమా మన నాలుకకేమీ కొత్త కాదు. అప్పటి ఇంగ్లండ్‌లో మాత్రం ఆ దినుసులు ఓడల మీద వచ్చిన ఖరీదైన సరుకు, అందుకే ఈ పై పండుగలకే పరిమితమైంది.

1747లో హన్నా గ్లాస్ పుస్తకం వచ్చేసరికి మాంసం వేయడం మీ ఇష్టానికి వదిలేశారు. 1861లో మిసెస్ బీటన్ పుస్తకంలో రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. మాంసం ఉన్నదాని కొలతలు చూడండి: గొడ్డుమాంసం పౌనున్నర, రెండు రకాల ఎండుద్రాక్ష కలిపి 5 పౌన్లు, చక్కెర 2 పౌన్లు. రెండో రకంలో మాంసం ఊసే లేదు. కారణం కరీబియన్ దీవులు. అక్కడి తోటల్లో ఆఫ్రికా బానిసల చెమటతో పండిన చెరకు, రాజుల బల్ల మీది చక్కెరను కూలివాడి టీ కప్పు దాకా దించింది. 1874లో చక్కెర మీద పన్నునూ ఎత్తేశారు. ఇక పైలో తీపికి హద్దు లేదు.

చక్కెర రుచికోసమే రాలేదన్నదీ నిజమే. చక్కెర, ఎండుపళ్లు, బ్రాందీ కలిస్తే ముద్ద నెలల తరబడి చెడిపోదు. వంటకంలోంచి చక్కెర తీసేసినవాళ్లు చాలామంది మరిచిపోయే సంగతి ఇది. లో-కార్బ్ ముద్దను సీసాలో పోసి అల్మరాలో పెట్టకూడదు. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, అంతకు మించితే ఫ్రీజర్.

లండన్ పెద్దాయన

పిండి మానడం అమెరికా మోజు అనుకుంటాం. దాన్ని మొదట ఊరూరా పాకించినవాడు లండన్ వాడు. విలియం బాంటింగ్ పేరున్న అంత్యక్రియల నిర్వాహకుడు. 1852లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ శవయాత్ర ఏర్పాట్లు చూసింది ఆ కుటుంబమే. అరవై దాటిన వయసులో, అయిదడుగుల అయిదంగుళాల ఎత్తుకి ఆయన బరువు 202 పౌన్లు, అంటే 91 కిలోలకు పైనే. చెవి వినపడటం లేదని విలియం హార్వే అనే డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆయన రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మానమన్నాడు. ఏడాదికి 46 పౌన్లు తగ్గాడు. ఆ సంగతంతా 1863లో చిన్న పుస్తకంగా అచ్చేయించి ఊరికే పంచాడు. అది ముద్రణల మీద ముద్రణలు పడింది. బాంటింగ్ 1878 దాకా బతికాడు.

ఇప్పటి లెక్కలు మరికాస్త జాగ్రత్తగా ఉంటాయి. రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థాలు తింటే దాన్ని లో-కార్బ్ అంటుంది డయాబెటిస్ యూకే సంస్థ. బరువు ఎక్కువున్న టైప్ 2 మధుమేహులకు కొన్ని నెలల పాటు ఇది పనికొస్తుందని, ఏడాది గడిచేసరికి మిగతా పద్ధతులకూ దీనికీ పెద్ద తేడా కనపడటం లేదని 2021లో బ్రిటన్ ప్రభుత్వ పోషకాహార సలహా సంఘం తేల్చింది. ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో డాక్టరు డేవిడ్ అన్విన్ తన పేషెంట్లకు చెంచాల బొమ్మలతో చెబుతారు. 150 గ్రాముల బాస్మతి అన్నం రక్తంలో చక్కెరను సుమారు పది చెంచాల చక్కెరంత పెంచుతుందని ఆ బొమ్మల్లో ఒకటి. రీడింగ్ పట్టణంలోనో స్లౌలోనో ఉండే తెలుగువాళ్లకు ఈ బొమ్మ మిన్స్ పై కంటే ముందు గుచ్చుకోవాలి. దక్షిణాసియా వారికి బీఎంఐ 23 నుంచే ముప్పు మొదలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, తెల్లవారికి అది 25.

ఇక పొయ్యి దగ్గరకు

పన్నెండు చిన్న పైలకు కావలసినవి ఇవి. పెంకుకు బాదం పొడి 250 గ్రాములు, చల్లటి వెన్న 75 గ్రాములు, ఒక గుడ్డు, అర చెంచా జాంథన్ గమ్, చిటికెడు ఉప్పు. లోపలికి మటన్ కైమా పావు కిలో, వెన్న గానీ కొవ్వు గానీ 75 గ్రాములు, ఒక చిన్న బ్రామ్లీ ఆపిల్, పచ్చి క్రాన్‌బెర్రీలు గుప్పెడు, నల్ల ఎండుద్రాక్ష 40 గ్రాములు, ఒక నారింజ, ఒక నిమ్మకాయల పైతొక్క తురుము, లవంగాలు, జాపత్రి, జాజికాయ, దాల్చినచెక్క, మిరియాలు, ఉప్పు, రెండు పెద్ద చెంచాల బ్రాందీ.

బ్రామ్లీ బ్రిటన్ వారి వంట ఆపిల్, ఉత్త పులుపు. అది దొరక్కపోతే మన పుల్లటి పచ్చ ఆపిల్ సరిపోతుంది. ఎండుద్రాక్షను పూర్తిగా తీసేయకండి. సన్నగా తరిగి బ్రాందీలో రాత్రంతా నానబెడితే ఆ కాస్తే ముద్దంతటికీ తీపి పంచుతుంది. తీపి పొడి ఒక్క చెంచా కూడా అక్కర్లేదు.

కైమాను కొవ్వులో వేయించి ఆపిల్, క్రాన్‌బెర్రీ, మసాలా వేసి నీరంతా ఇగిరేదాకా ఉడికించాలి. తడి మిగిలితే అడుగు మెత్తబడి పై కూలుతుంది. చివర్లో నానిన ద్రాక్ష, తొక్కల తురుము.

పెంకుతోనే ఓపిక పరీక్ష. మైదాలో సాగే గుణం బాదంలో లేదు, గుడ్డూ గమ్మూ దాన్ని పట్టి ఉంచాలి. ముద్ద కలిపి ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, పన్నెండు గుంతలున్న లోతు తక్కువ ట్రేలో వేళ్లతో అదమండి. అప్పడాల కర్రతో మూతలు ఒత్తాలనుకుంటే రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి ఒత్తాలి. నక్షత్రం మూత అందానికే కాదు, పిండి ఖర్చూ తగ్గిస్తుంది. ఒవెన్ 170 డిగ్రీలు, ఫ్యాన్ ఉన్నదైతే 150. ఖాళీ పెంకులు ఎనిమిది నిమిషాలు, ముద్ద నింపాక మరో పావుగంట. బాదం త్వరగా మాడుతుంది, చివరి అయిదు నిమిషాలు అక్కడే నిలబడాలి. తీసిన వెంటనే ట్రేలోంచి ఊడదీయబోతే పొడి చేతికొస్తుంది. పూర్తిగా చల్లారనివ్వండి.

లెక్క కడితే ఒక్కో పైకి పిండిపదార్థాలు 5 గ్రాముల చుట్టూ తేలుతాయి. బ్రిటన్ లేబుళ్ల మీద కార్బోహైడ్రేట్ అంకెలో పీచు ముందే తీసేసి ఉంటుంది, అమెరికా లేబుళ్ల మీద పీచు కలిసే ఉంటుంది. రెండు దేశాల వంటకాలను కలిపి లెక్కేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. కేలరీలు మాత్రం తగ్గలేదు. బాదం, వెన్న, కొవ్వు కలిసి ఒక్కో పైని మూడు వందల దరిదాపులకు చేరుస్తాయి, దుకాణం పై కంటే అది ఎక్కువే. షుగరు కోసం చేసిన మార్పు ఇది. బరువు తగ్గాలని నాలుగు తింటే పని జరగదు.

మాంసం తినని ఇళ్లలో కైమాకు బదులు సన్నగా తరిగిన అక్రోట్లు, కొవ్వుకు బదులు వెన్న వాడండి. రుచి వేరు, కానీ నిలబడే పై. సూయెట్ ప్యాకెట్ కొనేవాళ్లకు రెండు హెచ్చరికలు. సంప్రదాయ సూయెట్ గొడ్డు కొవ్వు. శాకాహార సూయెట్ కూడా దొరుకుతుంది గానీ, ముక్కలు అంటుకోకుండా ఈ రెండింటిలోనూ పిండి కలుపుతారు. ఆఫీసులో ఎవరైనా పై చేతికిస్తే మొహమాటపడకుండా పెట్టె తిప్పి చదవండి.

రుచి సంగతి. డిసెంబరులో జ్యామ్ లాంటి తీపికి అలవాటు పడిన నోటికి ఇది మొదట వింతగా ఉంటుంది. ఘాటు ముందు తగిలి, పులుపు తర్వాత వచ్చి, తీపి ఎక్కడో చివర్లో పలకరిస్తుంది. పక్కన చిక్కటి మీగడ ఉంటే చాలు. తీపి పొడులతో చేసిన నకిలీ కంటే ఇదే మేలని నా అభిప్రాయం. అది దేన్నో గుర్తు చేస్తూ నిరాశపెడుతుంది, ఇది తన రుచి తనదిగా ఉంటుంది.

ఇన్సులిన్ గానీ, షుగరును గట్టిగా దించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవారు ఒక్కసారిగా పిండి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. గ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారికి రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోఅసిడోసిస్ ముప్పూ ఉంది. మీ పళ్లెం మార్చే ముందు మీ డాక్టరుతో మాట్లాడి మందుల మోతాదు సరిచూసుకోండి.